పాండురంగం పొట్టా, అంబాసిడర్ స్టీరింగూ

తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే పాండురంగానికి జీవితంలో రెండే గర్వాలు. ఒకటి తన మిల్లు పప్పు, రెండోది తన తెల్ల అంబాసిడర్ కారు. పప్పు గురించి ఊళ్లో ఇంకో పదిమంది కూడా ఇదే గొప్ప చెప్పుకుంటారు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. కారు మాత్రం ఆయనొక్కడిదే. బంధువర్గంలో ఏ పెళ్లి జరిగినా ఎదురుకోళ్లకు పెళ్లికొడుకు ఆ కారులోనే రావాలి, దాన్ని పాండురంగమే నడపాలి. ఇరవై ఆరేళ్లుగా ఇదే ఆనవాయితీ. దీన్ని ఎవరు పెట్టారని అడిగితే ఆయన మాట మార్చేస్తాడు, ఎందుకంటే పెట్టింది ఆయనే.

చిక్కంతా పొట్టతో వచ్చింది. ఇరవై ఆరేళ్ల పెళ్లి భోజనాలు ఎక్కడికీ పోలేదు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ కారుది పాతకాలపు పెద్ద స్టీరింగు. దాని లోపల మెరిసే స్టీలు రింగు ఒకటుంది, దాన్ని ఎక్కడ నొక్కినా హారన్ మోగుతుంది. పొట్ట ఏటికేడాది ముందుకు జరిగి చివరికి ఆ రింగును చేరుకుంది. నేరుగా పోయేటప్పుడు ఏ గొడవా లేదు. మలుపు తిప్పడానికి కాస్త వంగాడా, పొట్ట వెళ్లి రింగు మీద కూర్చునేది, కారు బోయ్‌మని అరిచేది.

కిందటి పెళ్లిలో ఐదు మలుపులకు ఐదుసార్లు అరిచింది. ఊరేగింపులో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తమ్ముడి కొడుకు చంద్రకాంత్ ఏకంగా వీడియో తీశాడు. అన్నిటికీ మించి, అక్క పెద్దకొడుకు నవీన్‌కుమార్ దగ్గరికి వచ్చి మెల్లగా ఒక మాటన్నాడు.

"మామ, వచ్చే నెల మా తమ్ముడు వేణు పెండ్లికి కారు నేను నడుపుత. మీరు ఎనక సీట్ల ఆరామ్‌గ కూసోండ్రి."

పిల్లవాడు మంచికే అన్నాడు. పాండురంగానికి మాత్రం కారులోంచి కాదు, కులంలోంచే దించేసినట్టు అయింది. మేనమామ బతికుండగా వెనక సీట్లో కూర్చోవడమా? ఆ పూట ఆయన మూడోసారి వడ్డించబోతే అన్నం వద్దన్నాడు. భార్య పుష్పమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

సంగతి తెలుసుకుని ఆమె తిండి తగ్గించమని సలహా ఇచ్చింది. విస్తట్లో పడే రెండో లడ్డూను తీసేయడం కూడా మొదలుపెట్టింది. వారం రోజులు ప్రయత్నించాక పాండురంగానికి ఒక జ్ఞానం కలిగింది. పొట్ట తగ్గదు, స్టీరింగును తగ్గించవచ్చు. హైదరాబాదు పోయి ఒక చిన్న స్టీరింగు కొనుక్కొచ్చాడు. అన్నం పళ్లెం కన్నా కాస్త పెద్దది, నల్లతోలు తొడుగు, నడుమ నిలబడ్డ గుర్రం బొమ్మ, దాని కింద రూపాయి బిళ్లంత హారన్ మీట. పందెం కార్లకు ఇదే పెడతారని అంగడివాడు చెప్పాడు, ఈయన నమ్మాడు.

ఆ కారును మొదటినుంచీ బాగుచేస్తున్న మెకానిక్ అనంతయ్య దాన్ని చూసి తల గోక్కున్నాడు. "సేటూ, గీ బండికి గంత పెద్ద చక్రం షోకుకు పెట్టలే. చిన్నగైతే తిప్పేటందుకు నీ రెండు చేతులు సాలవు" అన్నాడు. పాండురంగం వినలేదు. పైగా అనంతయ్య చెల్లెలి ఇంట్లో ఫంక్షనుకు మర్పల్లి పోతున్నాడట, ఆదివారం దాకా రాడట. ఆదివారమే పెళ్లి. అందుకని ఎలా మార్చాలో చెప్పి పొమ్మన్నాడు.

అనంతయ్య పాపం ఓపిగ్గానే చెప్పాడు. ముందు బ్యాటరీ వైరు పీకాలి. తర్వాత హారన్ బిళ్ల ఊడదీస్తే లోపల నట్టు కనపడుతుంది. నట్టును వదులు చేయాలి గాని పూర్తిగా తీయకూడదు, నాలుగు చుట్లు ఉంచాలి, లేకపోతే లాగినప్పుడు చక్రం వచ్చి మొహం పగలగొడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లాగకముందే చక్రాన్ని మోసే స్టీరింగు రాడ్డు మీద, చక్రం మీద ఒకే వరసలో గుర్తు పెట్టుకోవాలి. కొత్త చక్రం మీద కూడా సరిగ్గా అదే చోట గుర్తు దించి, గుర్తుకు గుర్తు కలిపితేనే బండి నేరుగా పోయేటప్పుడు చక్రం నేరుగా ఉంటుంది. పాండురంగం అన్నిటికీ తలూపాడు.

శుక్రవారం పొద్దున షెడ్డులో పని మొదలైంది. షెడ్డు నిండా కంది బస్తాలు కావడంతో కారు ముందు టైర్లు గోడవైపు తిరిగి ఉన్నాయి, వాటిని సరిచేసే చోటు లేదు. గుర్తు ఉంటే చాలుగదా అనుకున్నాడు. నట్టు ఒక పట్టాన కదలలేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి మీదపడితే కదిలింది. ఆ సంబరంలో దాన్ని పూర్తిగా తిప్పి తీసి జేబులో వేసుకున్నాడు. గుర్తు పెట్టడానికి సుద్దముక్క దొరకలేదు. పూజగూట్లోంచి కుంకుమ తెచ్చి, తడిపి, రాడ్డుకు ఒక బొట్టు, చక్రానికి ఒక బొట్టు పెట్టి, కొలత చూసి కొత్త చక్రానికి కూడా ఒకటి పెట్టాడు. ఆ తెలివికి తనను తానే మెచ్చుకున్నాడు.

తర్వాత చక్రాన్ని పట్టి అటూ ఇటూ ఊపి లాగాడు. నాలుగో ఊపుకు ఊడింది. ఆపడానికి నట్టు లేదు కాబట్టి ఎంత బలంగా లాగాడో అంత బలంగా వచ్చి తగిలింది. సన్నటి మనిషైతే పక్కటెముకలు విరిగేవి. ఈయనకు పొట్ట మెత్తగా లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చిందంతే. ఆ పొట్ట చేసిన ఉపకారాన్ని ఆయన గుర్తించలేదు. భోజనం చేసి పడుకున్నాడు.

అప్పుడు పుష్పమ్మ షెడ్డులోకి వచ్చింది. వచ్చి చూస్తే చక్రం లేని కారు, బోసి రాడ్డు, దానికి ఒకే ఒక్క బొట్టు. శుక్రవారం గనుక మొగుడు పూజ మొదలుపెట్టి ఆకలేసి సగంలో లేచిపోయాడని అర్థం చేసుకుంది. అలా లేచిపోవడం ఆయనకు కొత్త కాదు. సగం పూజ ఇంటికి మంచిది కాదని రాడ్డును తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, చుట్టూ ఐదు బొట్లు పెట్టింది. కొత్త చక్రానికీ అంతే చేసింది. పాత చక్రాన్ని కూడా కడిగి, ఐదు బొట్లు పెట్టి, తుండుగుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టింది. కారు నుంచి తీసిన చక్రం ఇంట్లో ఉండకూడదట. అలాంటి శాస్త్రం ఎక్కడా లేదు గాని ఆ ఇంట్లో శాస్త్రాలన్నీ ఆమెవే.

పాండురంగం లేచి వచ్చి రాడ్డు చుట్టూ ఐదు, చక్రం చుట్టూ ఐదు బొట్లు చూసి నీరుగారిపోయాడు. అడిగితే పూజ కుంకుమను మెకానిక్ పనికి వాడినట్టు బయటపడుతుంది. అందుకని నోరు మూసుకుని, రెండిట్లో కాస్త పెద్దగా ఉన్న బొట్లను ఎంచి, వాటిని కలిపి నట్టు బిగించాడు. శనివారమంతా షెడ్డుకు అడ్డంగా లారీ ఉండటంతో బండి తీసి చూసుకునే వీలు కూడా లేకపోయింది.

ఆదివారం తెల్లవారాక కారు బయటికి తీస్తే తెలిసింది. టైర్లు నేరుగా ఉన్నప్పుడు గుర్రం వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ ఆకాశానికి చాపుతోంది. గుర్రం లేచి నిలబడిందంటే కారు చేలో దిగబోతోందని లెక్క. ఇప్పుడు విప్పే సమయం లేదు. పక్కన కూర్చున్న నవీన్‌కుమార్ గుర్రాన్ని చూశాడు, మామను చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. వెనక పుష్పమ్మ, బాసికం కట్టుకున్న వేణు.

తాండూరు నుంచి వికారాబాదు చేరేసరికి పాండురంగం చొక్కా పిండితే నీళ్లు వచ్చేలా ఉంది. ప్రతి మలుపుకూ భుజాలు ఊడిపోతున్నాయి. పొట్ట మాత్రం హాయిగా, దేనికీ తగలకుండా ఉంది. హారన్ మోగలేదు. ఇక ఎవడూ నవ్వడు, ఎవడూ నన్ను వెనక్కి పొమ్మనడు అని ఆయన పళ్లు బిగించి నడిపాడు.

వికారాబాదులో ఫంక్షన్ హాలుకు మూడు మలుపుల ముందే బ్యాండువాళ్లు, ఆడపెళ్లివారు ఎదురుచూస్తున్నారు. బ్యాండు మొదలైంది. మొదటి మలుపు ఎలాగో తిరిగింది. అయినా బ్యాండు పాట మారలేదు, జనం చప్పగా నడిచారు. రెండో మలుపులో చేతులు పూర్తిగా మొరాయించి కారు వీధికి అడ్డంగా నిలిచిపోయింది. బంధువర్గంలో పెళ్లిళ్లన్నిటికీ వాయించే బ్యాండు మేస్త్రీ బిచ్చయ్య పీపీ చంకలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సేటూ, హారన్ ఏది? మీ హారన్ ఇంటెనే మేము పాట మారుస్తం. రెండేండ్ల సంది గదే పద్ధతి."

పాండురంగం బిత్తరపోయి వేలితో మీట నొక్కాడు. హారన్ మోగింది. ఒక్కరూ కదలలేదు. వెనకనుంచి వేణు ముందుకు వంగాడు.

"చేతితోని కొడితె ఏముంటది మామ? గా పొట్ట హారన్ కోసమే కదా నేను అద్దెకారు ఒద్దన్న. మా దోస్తులకు వీడియో సూపెట్టి మరీ పిలిచిన."

పాండురంగం మీట మీంచి వేలు తీశాడు. నెల రోజులుగా జనం తనను చూసి నవ్వుతున్నారని కుమిలిపోయాడు. నవ్వడం నిజమే, అందులో అనుమానం లేదు. కాని ఆ నవ్వు ఆగిపోవాలని ఒక్కరూ కోరుకోలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకున్నట్టు చేసి అది కూడా తుడుచుకున్నాడు.

పుష్పమ్మ అప్పటికే అనంతయ్యకు ఫోన్ చేసింది. అతను వికారాబాదు దారిలోనే ఉన్నాడు. సేటు సంగతి తెలిసినవాడు కాబట్టి పొద్దున్నే మర్పల్లి నుంచి బండెక్కాడు. వచ్చి డిక్కీలోని పాత చక్రానికి, కొత్త చక్రానికి, రాడ్డుకు ఉన్న బొట్లన్నీ లెక్కపెట్టి రోడ్డు మీదనే కూలబడి నవ్వాడు. పుష్పమ్మ అప్పుడు సంగతి గ్రహించి, ముందే చెప్పొచ్చుగదా అన్నట్టు మొగుణ్ని చూసింది.

ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉంది. చుట్టాలు కారును తోసి టైర్లను నేరుగా నిలిపారు. అనంతయ్య బ్యాటరీ వైరు పీకి, నట్టు వదులు చేసి, నాలుగు చుట్లు ఉంచి లాగాడు. గుర్రం చక్రం వచ్చి నట్టు దగ్గర బుద్ధిగా ఆగింది. పాండురంగం ఎటో చూశాడు. పెద్ద చక్రం ఎక్కించి బిగించేముందు అనంతయ్య ఉలితో రాడ్డు మీద ఒక గాటు పెట్టాడు. ఇది ఏ శుక్రవారం తుడిచినా పోదన్నాడు.

మామ అలసిపోయాడని నవీన్‌కుమార్ స్టీరింగు ముందు కూర్చుని వంగి చూశాడు. రింగుకూ అతని కడుపుకూ మధ్య మూరెడు ఎడం ఉంది. బిచ్చయ్య తల అడ్డంగా ఊపాడు. నవీన్‌కుమార్ దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మీరే రావాలె మామ. గిది నాతోని అయ్యే పని కాదు."

పాండురంగం ఎక్కి కూర్చుని, చక్రం తిప్పుతూ వంగాడు. కారు బోయ్‌మంది. బ్యాండు ఒక్కసారిగా పాట మార్చింది, వీధంతా ఊగిపోయింది. మూడో మలుపులో అవసరం లేకున్నా ఆయన రెండుసార్లు వంగాడు.

మధ్యాహ్నం భోజనాల్లో పుష్పమ్మ స్వయంగా వడ్డిస్తూ వచ్చింది. మొగుడి విస్తరి దగ్గర ఆగి లడ్డూ వేసింది. రెండోది చేతిలోకి తీసుకోగానే, ఆమె తిండి తగ్గించిన వారం అలవాటు కొద్దీ ఆయనే వద్దన్నట్టు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆ చేతిని పక్కకు జరిపి లడ్డూ వేసింది.

"తినండ్రి. మాఘంల మన చంద్రకాంత్ పెండ్లి ఉన్నది."