చెరిగిపోయిన సుద్దగీత

సోమవారం ఉదయం ఆరు గంటలకు జైలులో ఆ ఖైదీని ఉరి తీశారు. ఆరూ ఇరవైకి డాక్టరు సంతకం చేశాడు.

అతని అక్క దర్జీ. ఉరిశిక్ష రద్దు చేయాలంటూ రాజధానికి కాలినడకన బయలుదేరిన నలభై ఒక్క మందిలో ఆమె ఒకరు. ఇరవై రెండు రోజులు, నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు. తమ్ముడు హత్య చేశాడన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు, ఆమెకు కూడా. ప్రాణం తీయకుండా జైల్లోనే ఉంచమని అర్జీ. అది ఆమె చేతిసంచిలో ఉంది. శుక్రవారం సాయంత్రం ఐదులోపు రక్తసంబంధీకులు స్వయంగా కార్యాలయంలో ఇచ్చి నంబరు వేయించుకుంటే, నిర్ణయం వచ్చేదాకా ఉరి ఆగుతుంది.

నడకకు పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు. రోజూ సాయంత్రం ఆగినచోట రోడ్డుకు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసేవాడు. బస ఎక్కడ దొరికినా మర్నాడు ఆ గీత నుంచే నడవాలి. ఒక్క అడుగు కూడా బండి మీద దాటకూడదు.

గురువారం గీత గీసిన కాసేపటికే వాన పట్టుకుంది. ఒక లారీ వాళ్లను తొమ్మిది కిలోమీటర్లు ముందున్న బడికి చేర్చింది. తెల్లవారి ఆరింటికి డ్రైవర్ మళ్లీ వచ్చాడు.

“ఎక్కండి. గంటలో రాజధానిలో దింపేస్తా.”

“వెనక్కి తీసుకెళ్లు నాయనా, గీత దగ్గరికి,” అన్నాడు మాస్టారు.

“ఇంత వానకి గీతెక్కడుంటుందండీ?”

“చోటు ఉంటుందిగా.”

“మా ఓనరు నన్నొక్కణ్నే పిచ్చోడనుకుంటున్నాడు,” అన్నాడు డ్రైవర్.

దర్జీ ముందుకొచ్చింది. “మాస్టారూ, నేనొక్కదాన్నీ లారీలో వెళ్లి కాయితం ఇచ్చేస్తానండీ. మీరు నిదానంగా రండి.”

“ఇంత దూరం నడిచి చివర్లో లారీ ఎక్కితే నవ్వుతారమ్మా. ఎవరి తమ్ముడి కోసం నడుస్తున్నామో ఆవిడే ఎక్కేసిందంటారు. ముప్ఫై ఒక్క కిలోమీటర్లు, గంటకి నాలుగు. ఏడింటికి మొదలెడితే మూడింటికల్లా అక్కడుంటాం.”

“ఆమెని వెళ్లనివ్వండి మాస్టారూ,” అంది కాళ్లకు కట్లు కట్టే నర్సు. “లెక్క తప్పితే మీకు పోయేది మార్కులే.”

దర్జీ అందరి కాళ్లకున్న కట్లను చూసింది. వాడి పేరు మా గుమ్మంలో ఎత్తకు అన్నాడు సొంత బాబాయి. వీళ్లు ఏమీ కాకపోయినా వచ్చారు. వెనక్కి వెళ్లే లారీలో ఆమే ముందు ఎక్కింది.

గీత లేదు. కల్వర్టుకు ఇవతలని కొందరు, అవతలని కొందరు గంటసేపు వాదించుకున్నారు. అనుమానం ఉండకూడదని మాస్టారు అర కిలోమీటరు వెనకున్న మైలురాయి దగ్గర కొత్త గీత గీశాడు. బయలుదేరేసరికి పది తక్కువ ఎనిమిది. కుంటేవాళ్లు ఉన్నారు. నగరం మొదట్లోకి నాలుగూ ఇరవైకి చేరారు. అక్కడ స్వాగతానికి పూలగుచ్ఛాలు, మైకు. కార్యాలయం ఇంకా మూడు కిలోమీటర్లు.

“టైమవుతోంది మాస్టారూ.”

“రెండు ముక్కలు మాట్లాడి వచ్చేస్తానమ్మా.”

ఆమె ఒంటరిగా నడక సాగించింది. దారిలో రెండు టాక్సీలు పక్కన వేగం తగ్గించాయి. ఎక్కలేదు.

కార్యాలయం గేటు దగ్గరికి ఐదూ పదికి చేరింది.

“సోమవారం పదింటికి రండమ్మా,” అన్నాడు కాపలాదారు.

“సోమవారం ఆరింటికే ఉరి.”

“ఆఫీసు పదింటికి కదమ్మా.”

సోమవారం పదీ ఐదుకు గుమాస్తా అర్జీ అందుకున్నాడు.

“ఖైదీకి ఏమవుతారు?”

“అక్కని.”

తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, రసీదు ఇచ్చాడు. నంబరు 614.