వార్తల్లో ఇచ్చేసిన కళ్ళు

డ్రైవింగ్ నేర్పే ఆవిణ్ణి ఆ పేటలో అందరూ బ్రేకు టీచరమ్మ అంటారు. పాఠాల కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆవిడ దాని మీద నుంచి కాలు తియ్యదు. కారుకు వేసే బ్రేకు నోటికి మాత్రం వెయ్యదని నేర్చుకునేవాళ్ళు వెనకాల నవ్వుకుంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు సంజాయిషీ ఇచ్చుకోనూ లేదు. రేవులో క్రేన్ నడిపి రిటైరైన తండ్రితో రెండో అంతస్తులో ఉంటుంది.

ఆవిడ తమ్ముడు టీవీలో సాయంత్రం వార్తలు చదువుతాడు. మొదట్లో అతను చదివే తీరంటే ఆవిడకు గౌరవమే ఉండేది. వరదొస్తే వరదొచ్చిందని, మంత్రి మాట మారిస్తే మార్చాడని, గొంతు పెంచకుండా, దించకుండా, ముఖంలో తన సంగతేదీ కనపడనీయకుండా చదివేవాడు. తరవాత ఛానెల్‌కు కొత్త యజమానులొచ్చారు. వార్తల చివర్న 'ఈ వారం మంచిపని' అని ఒకటి మొదలైంది. అప్పట్నుంచి తమ్ముడు పాడైపోయాడని ఆవిడ అభిప్రాయం.

కంబళ్ళ వారంలో వెచ్చటి స్టూడియోలో కూర్చుని అరచేతులు రుద్దుకున్నాడు. మొక్కల వారంలో బల్ల మీద కుండీ పెట్టుకుని దానితో మాట్లాడాడు. రక్తదానం వారంలో చొక్కా చెయ్యి మడిచి, సూది ఇంకా చర్మాన్ని తాకకముందే త్యాగం చేసినవాడిలా కెమెరా వంక చూశాడు. చివర్న ఎప్పుడూ గుండె మీద చెయ్యి వేసుకుని, "మరి మీరు?" అని అడిగేవాడు. చందా డబ్బా పట్టుకు తిరిగేవాడు వీధిలో తిరగాలి గానీ వార్తల కుర్చీ ఎక్కి కూర్చోవడమేమిటని టీచరమ్మ పళ్ళు నూరేది. అయినా ఒక్కరోజు కూడా చూడకుండా ఉండేది కాదు. ఏవగించుకోవడానికైనా చూడాలిగా.

పెద్దాయన పద్ధతి వేరు. కొడుకు ఏం చెప్పినా ఆయనకు ఇంపే. చెవులు సరిగ్గా వినపడక టీవీ గొంతు పెంచి, పక్కింటివాళ్ళకు కూడా కొడుకుని వినిపించేవాడు.

నేత్రదానం వారం వచ్చింది. ఆ సాయంత్రం తమ్ముడు ఒక కార్డు ఎత్తి చూపించి, గొంతు సన్నం చేసి చెప్పాడు. తమ ఇంట్లో అందరూ కళ్ళు రాసిచ్చేశారట. ఎనభై దాటిన వాళ్ళ నాన్నగారు కూడా వణికే చేత్తో సంతకం పెట్టారట. ఆ మాట దగ్గర ఒక క్షణం ఆగి, కెమెరా దగ్గరికి జరిగాక, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నా గురించేదో అన్నాడు. ఏమన్నాడు?" అని పెద్దాయన అడిగాడు.

"నీ కళ్ళు దానం చేశావట."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. వణికే చేత్తో సంతకం పెట్టావట."

పెద్దాయన టీవీ వైపు, తరవాత కూతురి వైపు చూశాడు. చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. క్రేన్ మీటలు పట్టిన చేతులు అవి, ఆ వయసులోనూ వణకవు. "నన్నడగలేదే," అన్నాడు చివరికి.

మర్నాడు టీచరమ్మకు మెప్పులు మొదలయ్యాయి. కింద కొట్టువాడు మీ కుటుంబం గొప్పదన్నాడు. స్టీరింగ్ పట్టుకోవడమే చేతకాని ఒక బ్యాంకు ఉద్యోగి మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండంటూ రెండు చేతులూ వదిలేశాడు. ఆవిడ బ్రేకు తొక్కి, చేతులు స్టీరింగ్ మీద పెట్టమంది. అబద్ధం అని చెప్పడానికి ప్రతిసారీ నోటిదాకా వచ్చింది. కానీ చెబితే పోయేది తమ్ముడి పరువొక్కటే కాదు. పెద్దాయన వీధిలోకి వెళ్ళి తలెత్తుకోలేడు. మింగేసింది. మింగిన ప్రతిసారీ తమ్ముడంటే ఇంకొంచెం రోత పుట్టింది.

ఆదివారం తమ్ముడు భార్యతో సహా భోజనానికొచ్చాడు. వచ్చీ రాగానే ఫోన్లు ఆగడం లేదని, ఇన్ని కళ్ళు ఏ వారంలోనూ రాలేదని చెప్పుకుపోయాడు. కళ్ళు వచ్చాయని అతను చెప్పిన తీరు చూస్తే బుట్టలో తెచ్చుకున్నాడేమో అనిపించింది. పెద్దాయన తినడం అయిందాకా ఊరుకుని అప్పుడు అడిగాడు.

"ఒరే, వార్త తప్పు చదివితే మర్నాడు సవరణ చెప్తారు కదా?"

"చెప్తాం నాన్నా."

"అయితే నాది కూడా చెప్పు. మా నాన్న సంతకం పెట్టలేదు, నేనే తొందరపడ్డాను అని. అంతే."

తమ్ముడు నవ్వేశాడు. ఇది వార్త కాదు, విన్నపం అన్నాడు. విన్నపానికి సవరణలుండవట. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఫోన్ చేసినవాళ్ళంతా మిగతాది కూడా బూటకమే అనుకుంటారట, ఒక మంచిపని చేతులారా చెడిపోతుందట.

టీచరమ్మ కంచం పక్కకు జరిపింది. "అదే కుర్చీ, అదే కోటు, అదే గొంతు. వార్త ఎక్కడ ఆగిందో, నీ విన్నపం ఎక్కడ మొదలైందో చూసేవాడికి ఎలా తెలుస్తుందిరా?"

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "వార్తలు చదివి ఇన్నేళ్ళూ నేనెవరిని బాగుచేశానక్కా? మునిగిపోయారని చదివాను. కాలిపోయారని చదివాను. చదివి, కోటు విప్పి, ఇంటికెళ్ళి భోంచేశాను. ఇవాళ నా మాట విని ఎక్కడో ఒకడు లేచి ఏదో ఒకటి చేస్తున్నాడు. అది నీకు తప్పుగా కనిపిస్తోందా?"

అందులో కొంత నిజం ఉందని ఆవిడకు తోచింది. అలా తోచడమే ఒళ్ళు మండించింది. అందుకని ఇంకోటి అడిగింది. "సరే. నువ్వు రాసిచ్చావా?"

అతను కంచంలోకి చూశాడు. మరదలు మంచినీళ్ళ గ్లాసులోకి చూసింది. కార్డు స్టూడియో వాళ్ళదని, తనది ఇంకా కాలేదని, చావు మాటలెత్తితే భార్యకు భయమని నెమ్మదిగా బయటపెట్టాడు. పెద్దాయన చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయాడు. టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వు కన్నా తిట్టు నయమని మరదలు తరవాత ఎవరితోనో అందట.

సవరణ రాలేదు. వారం మారింది, బల్ల మీద వస్తువు మారింది, గుండె మీద చెయ్యి మాత్రం అలాగే ఉంది.

చలికాలం వచ్చేసరికి పెద్దాయనకు ఆయాసం ఎక్కువైంది. ఒకరోజు ఆస్పత్రి నుంచి కారులో తీసుకొస్తుంటే ఎర్రదీపం దగ్గర ఆయనే మాటెత్తాడు. తను పోయాక కళ్ళు ఇచ్చెయ్యమన్నాడు. ఆవిడ అర్థంకానట్టు చూసింది.

"ఊరందరికీ ఇచ్చానని చెప్పేశాడు కదమ్మా. ఇవ్వకపోతే నా కొడుకు అబద్ధాలకోరవుతాడు. ఇచ్చేస్తే గొడవే లేదు."

"వాడి అబద్ధాన్ని నిజం చెయ్యడానికి నీ కళ్ళు ఇస్తావా నాన్నా?"

"నా కళ్ళు పెట్టుకున్నవాడు అవి ఎందుకిచ్చాడని అడుగుతాడా?"

దీపం మారింది. వెనకాల హారన్లు మోగాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ చేతిలో కారు కుదుపిచ్చి ఆగిపోయింది. నేర్చుకునేవాళ్ళను తిట్టే తిట్లన్నీ తనే తిట్టుకుని మళ్ళీ తాళం తిప్పింది. దారి పొడుగునా ఆవిడకు కోపం తండ్రి మీద కాదు. కన్నతండ్రి కళ్ళు పెట్టి పూడ్చాల్సినంత అబద్ధం ఆడి, కోటు దులుపుకుని పోయినవాడి మీద.

ఆ తరవాత ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక ఉదయం పెద్దాయన మంచం మీదే పోయాడు. వైద్యుడు వచ్చి చూసి వెళ్ళాడు. టీచరమ్మ ముందు నేత్రనిధికి, ఆ తరవాతే తమ్ముడికి ఫోన్ చేసింది. ఫోన్లో వాళ్ళు చెప్పినట్టే ఫ్యాన్ ఆపింది, తల కింద రెండు దిళ్ళు పెట్టింది, మూసిన రెప్పల మీద తడిపిన దూది ఉంచింది. ఇవన్నీ చేస్తుండగా ఏడవలేదు. చెయ్యాల్సిన పని ఉన్నంతసేపూ ఆవిడకు ఏడుపు రాదు.

తమ్ముడు వచ్చి తండ్రి కాళ్ళ మీద పడ్డాడు. ఆ ఏడుపులో నటన లేదని ఆవిడే ఒప్పుకుంది. తలెత్తి దూది చూశాక ఏమిటని అడిగాడు. చెప్పింది. నాన్నే ఇమ్మన్నాడని కూడా చెప్పింది. అతను లేచి గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దక్కా. నాన్న ముఖం మీద కత్తి పెట్టనివ్వను. నావల్ల కాదు."

నాన్న మాట అది అని మళ్ళీ చెప్పింది. కావాలంటే నువ్వు బయట ఉండు అంది. కత్తిపెట్టినట్టు కూడా కనిపించదు, రెప్పలు మూసేస్తారు అంది. అతను వినలేదు. చిన్నప్పుడు సూదికి భయపడి తలుపుచాటున నక్కినవాడి ముఖమే మళ్ళీ వచ్చింది.

ఇంతలో నేత్రనిధి టెక్నీషియన్ వచ్చి చేతిలోని చిన్న పెట్టె కింద పెట్టాడు. గుమ్మంలోనే ముఖం గోడ వైపు తిప్పుకుని ఉన్న తమ్ముడు, ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు, వెళ్ళిపొమ్మన్నాడు. టెక్నీషియన్ నొచ్చుకోలేదు. ఇంట్లో ఒక్కరు వద్దన్నా మేం ముట్టుకోమండి అని మెల్లగా చెప్పి, పెట్టె అందుకున్నాడు. టీచరమ్మ నోరు తెరవబోయింది. అప్పుడు తమ్ముడు ముఖం తుడుచుకోవడానికి ఇటు తిరిగాడు.

"మీరు వార్తల సార్ కదా," అన్నాడు టెక్నీషియన్. పెట్టె మళ్ళీ కింద పెట్టేశాడు. "మీరు చెప్పాకే సార్ మాకు ఫోన్లు పెరిగింది. మీ నాన్నగారి సంతకం సంగతి మా అమ్మకు ప్రత్యేకంగా చూపించాను. ఈయనేనా సార్?"

టీచరమ్మ చూస్తూండగానే తమ్ముడి నడుం నిటారైంది. జేబురుమాలుతో కళ్ళొత్తుకున్నాడు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు ఎక్కడికి పోయిందో, సాయంత్రం వార్తల గొంతు దిగివచ్చింది. "రండి," అన్నాడు గుమ్మం వదిలి. "మా నాన్నగారి ఆఖరి కోరిక ఇది."

తండ్రి కోరిక కదల్చలేదు. తోడబుట్టినది చెబితే వినలేదు. తనను టీవీలో చూసిన ఒక మనిషి ఎదుట చిన్నబోవడం మాత్రం అతని వల్ల కాలేదు. పెద్దాయన అడిగింది జరుగుతోంది కాబట్టి సంతోషించాలని ఆవిడ తనకు తను చెప్పుకుంది. సంతోషం రాలేదు. లోపల పని జరుగుతున్నంతసేపూ తమ్ముడు మెట్ల మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది గానీ భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

అంత్యక్రియలయ్యాక తమ్ముడు మళ్ళీ కుర్చీ ఎక్కాడు. మొదటిరోజే తండ్రి గురించి చెప్పాడు. కళ్ళిచ్చి వెళ్ళారన్నాడు, మాట నిలబెట్టుకున్నారన్నాడు. టీచరమ్మ ఒక్కో మాటా పట్టి చూసింది. ఒక్క అబద్ధం దొరకలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డవాడి సంగతి ఒక్కటే అందులో లేదు. అది లేకుండానే అంతా నిజమైపోవడం ఆవిడకు అన్నిటికన్నా అసహ్యంగా తోచింది. తరవాత తమ్ముడు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాడు. ఈసారి తప్పేం లేదు అంది. మెచ్చుకుందనుకుని అతను ఫోన్లోనే ఏడ్చాడు.

ఎండలు ముదిరాయి. పిచ్చుకల వారం వచ్చింది. తమ్ముడు బల్ల మీద మట్టిమూకుడు పెట్టుకుని, దాంట్లో నీళ్ళు పోసి చూపించాడు. వాళ్ళ అక్క రోజూ పొద్దున్నే బాల్కనీలో పిచ్చుకలకు నీళ్ళు పెడుతుందట. నాన్న పోయాక ఒంటరిదైన అక్కకు ఇప్పుడు ఆ పిచ్చుకలే తోడట. చెయ్యి గుండె మీదికి వెళ్ళింది.

మర్నాడు పాఠానికొచ్చిన అమ్మాయి గేరు మార్చడం మాని కళ్ళు తుడుచుకుంది. మీరు బయటికి గట్టిగా కనిపిస్తారు గానీ మేడమ్, అని మొదలుపెట్టింది. టీచరమ్మ బ్రేకు తొక్కి, ఇవాళ్టికి చాలంది.

ఇంటికొచ్చి బాల్కనీలో నిలబడింది. అక్కడ ఆరేసిన సాక్సులు తప్ప ఏమీ లేవు. నాన్నయితే ఈపాటికి గిన్నె పెట్టేసేవాడు. కొడుకు మాట నిలబడాలి కదా, పిచ్చుకకు కారణంతో పనేమిటి అనేవాడు. ఆవిడ గిన్నె పెట్టలేదు. టీవీలో కింద తిరిగే నంబరు చూసి ఫోన్ చేసింది.

ఎత్తిన అమ్మాయి ఎంతో తియ్యగా, గిన్నె పెట్టాలనుకుంటున్నారా మేడమ్ అని అడిగింది.

"లేదమ్మా. నేను ఆ వార్తలు చదివేవాడి అక్కను. మా ఇంట్లో గిన్నె లేదు. పెట్టలేదు, పెట్టను. అది రాసుకో."

అవతల మీటలు నొక్కిన చప్పుడైంది. "సారీ మేడమ్, 'పెట్టను' అని రాసుకోవడానికి ఇక్కడ గడి లేదు. 'తరవాత పెడతాను' అని రాసుకోనా?"

మీ పైవాళ్ళను పిలవమంది టీచరమ్మ. లైన్లో ఉండమని ఆ అమ్మాయి వెళ్ళింది. ఖాళీగా ఉండకూడదని కాబోలు, ఫోన్లో తమ్ముడి గొంతు మొదలైంది. పిచ్చుకల గురించి, గుక్కెడు నీళ్ళ గురించి, మరి మీరు అని. అయిపోతే మళ్ళీ మొదటికొచ్చింది. కింద ఎవరో తరవాతి పాఠానికి టైమైందని హారన్ కొట్టారు. ఆవిడ బాల్కనీలోంచి చెయ్యి ఊపి, ఆగమని సైగ చేసి, ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.