చిటికెన వేలు

"అప్పుడు జుట్టు పట్టుకుని నీళ్ళ డ్రమ్ములో నా తల ముంచాడు" అంది ఆమె.

టైపు పిన్ని ఆ మాటే కొట్టింది. "ఊఁ, తర్వాత?" అంది తల తిప్పకుండా.

పిన్ని ఎప్పుడూ తల తిప్పదు. పోలీస్ స్టేషనుకి ఎదురుగా ఉన్న ఆ ఇరుకు షాపులో, కిటికీ పక్క కంప్యూటరు ముందు, సగం జీవితం అలాగే గడిచిపోయింది. దెబ్బలు తిన్నవాళ్ళు వచ్చి చెబుతారు, ఆమె కొడుతుంది. రాలిన పన్నయినా, తెగిన చెవితమ్మె అయినా కాగితం మీద ఒకే సైజు అక్షరాలు. మొహం చూస్తే చెయ్యి తడబడుతుందని ఆమె భయం.

ఆ చేతికి పనిచేసే వేలు ఒకటి తక్కువ. ఎడమ చిటికెన వేలు నడిమి కణుపు దగ్గర వంగి, అలాగే బిగిసిపోయింది. తలుపు సందులో పడిందని అందరికీ చెప్పుకుంది. ఆ తలుపు వేసినవాడు పోయి చాలా ఏళ్ళయింది. అతని ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోలేదు.

సేవ్ కొట్టాలంటే నొక్కాల్సిన మూలనున్న కంట్రోల్ మీటను ఆ వేలు అందుకోదు. అందుకే రాస్తూ రాస్తూ మధ్యలో సేవ్ కొట్టడం ఆమెకు అలవడలేదు. అంతా అయ్యాక మౌసుతో ఒక్కసారి కొడుతుంది. షాపు ఓనరు నెత్తీ నోరూ బాదుకునేవాడు.

"పిన్నీ, సేవ్ కొట్టు, సేవ్ కొట్టు. కరెంటు పోతే అంతా గంగపాలు, గంగపాలు."

వీధంతా అతన్ని జిరాక్సు అంటుంది. షాపులో మెషీను ఉన్నందుకు కాదు, ప్రతి మాటా రెండుసార్లు అంటాడు గనక. ఒకసారి నీలం పెన్ను మూత తెచ్చి పిన్ని వేలికి తొడిగాడు. "ఇప్పుడు అందుతుంది, అందుతుంది."

"నన్నేమన్నా సర్కస్సులో చేర్పిస్తావట్రా?" అని పిన్ని దాన్ని సొరుగులో పడేసింది.

"రాస్తున్నావా పిన్నీ?" అంది ఫిర్యాదు చెబుతున్న ఆమె. ఆమె ఒళ్ళో పాప పాలసీసా నోట్లోనే ఉంచుకుని నిద్రపోయింది. సీసా జారకుండా వేలు అడ్డం పెట్టింది తల్లి. "ఒక్కసారే చెప్పగలను. మళ్ళీ చెప్పమంటే నావల్ల కాదు. ఇంటికి పంపించారంటే ఈసారి చంపేస్తాడు."

"రాస్తున్నా. చెప్పు."

బయట వ్యాను ఆగింది. ఆమె గొంతు కూడా ఆగింది.

పిన్ని తల తిప్పి చూసేసరికే మొగుడు లోపలున్నాడు. "నా గురించి ఊరంతా అచ్చేయిస్తున్నావుటే!" అంటూ బల్ల కిందున్న కంప్యూటరు పెట్టెను బూటుకాలితో తన్నాడు. తెర నల్లబడింది. పెళ్ళాం మూతి మీద పిడికిలితో గుద్దాడు. పన్ను పెదవిలోకి దిగి, రక్తం పాప గౌను మీద పడింది. పిన్ని ముందు పాపను లాక్కుని, మెషీను దగ్గరున్న జిరాక్సు చేతుల్లో పెట్టింది. తర్వాత వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడింది.

"నీకెందుకే ముసలిదానా?"

"ఇంకా పూర్తికాలేదు బాబూ. సగంలో ఉంది."

అతను ఆమె భుజాలు పట్టి ఇనప బీరువాకేసి కొట్టాడు. అంచు చెవి వెనక తగిలింది. మళ్ళీ కొట్టాడు. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది.

"చంపేస్తున్నాడు, చంపేస్తున్నాడు!" అని జిరాక్సు అరిచాడు. వీధిలో జనం పరిగెత్తుకొచ్చారు. అతను వాళ్ళను తోసుకుంటూ వ్యానెక్కి పోయాడు.

"ఎదురుగానే స్టేషను, వెళ్ళి చెప్పమ్మా" అన్నారెవరో. పాప తల్లి నోరు తెరవబోయింది. దవడ కదల్లేదు. పిన్నికి తెలుసు, కాగితం లేకుండా వెళ్ళినవాళ్ళకు సర్దిచెప్పి, మొగుడి వెంటే పంపేస్తారు.

పిన్ని బల్ల పట్టుకుని లేచి కంప్యూటరు మీట నొక్కింది. సొట్టపడిన పెట్టె మూలిగి, వెలిగింది. ఫైళ్ళ కిటికీ తెరిస్తే ఎడమ పక్కన ఒక పేరు కనిపించింది. యంత్రం తనంతట తానే దాచుకున్న కాపీ.

"బతికింది, బతికింది!" అన్నాడు జిరాక్సు.

బతికింది గానీ సగమే. డ్రమ్ము దాకా రాకముందే ఆగిపోయింది. మిగిలింది పిన్ని తలలోనే ఉంది. ఆ తల దిమ్ముగా ఉంది, తెర వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోంది.

"ఆసుపత్రికి పోదాం పిన్నీ, పోదాం."

"ముందిది కానీ."

సొరుగు లాగి నీలం మూత వేలికి తొడుక్కుంది. ఒక వాక్యం కొట్టడం, సేవ్ కొట్టడం. ఇంకో వాక్యం, మళ్ళీ సేవ్. జుట్టు, డ్రమ్ము, ఊపిరాడక తన్నుకున్న కాళ్ళు, ఒక్కొక్కటే వచ్చి పేజీలో కూర్చున్నాయి. మధ్యలో ఒకసారి చెత్తబుట్టలో వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్ళీ కూర్చుంది.

అంతా అయ్యాక పాప తల్లి తెరకు దగ్గరగా వంగి చదువుకుంది. ఒక వరుస దగ్గర వేలు పెట్టి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

'వేలు తలుపు సందులో పెట్టి, విరిగేదాకా నొక్కాడు' అని ఉంది అక్కడ.

ఆమె తన పది వేళ్ళూ చాచి చూపించింది. అన్నీ బాగానే ఉన్నాయి.

పిన్ని ఆ వరుసను చాలాసేపు చూసింది. "నీది కాదులేమ్మా" అంది చివరికి. చెరిపేసింది. సేవ్ కొట్టింది.

కాగితాలు వేడివేడిగా బయటికొచ్చాయి. ఆమె సంతకం పెట్టి, పిన్ని చేతిని ఒకసారి చెంపకు ఆనించుకుంది.

"వీళ్ళను దిగబెట్టి ఆటో తెస్తా పిన్నీ. ఇక్కడే ఉండు, ఇక్కడే ఉండు."

"ఎక్కడికి పోతాన్రా?"

ముగ్గురూ రోడ్డు దాటారు. పాప నిద్రలేచి ఏడుస్తోంది. పిన్ని కిటికీలోంచి వాళ్ళు మెట్లెక్కడం చూసింది. అలా చూస్తూనే, మూత తొడిగిన చెయ్యి మీటల మీదే ఉంచి, చెంప బల్ల మీద ఆనించింది.

జిరాక్సు పరుగున వచ్చాడు. "తీసుకున్నారు పిన్నీ, తీసుకున్నారు! వాడి కోసం జీపు కూడా వెళ్ళింది, వెళ్ళింది..."

పిన్ని మొహం వీధి వైపే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"పిన్నీ" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

ఆమెను తీసుకెళ్ళాక షాపులో తెర ఒక్కటే వెలుగుతోంది. దాని ముందు, మూలనున్న కంట్రోల్ మీట మీద, నీలం పెన్ను మూత నోరు పైకి తెరుచుకుని నిలబడి ఉంది.