మందు కలిపిన చెయ్యి

ఎనభై తొమ్మిదిలో, త్రిపురారం పక్క తండాలో సాలి చనిపోయిన నాడు యాసంగి వరి పొట్ట మీద ఉంది. పొద్దున ఆమె బకెట్ నీళ్లలో పురుగుల మందు పోసి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలిపింది.

"కట్టె తెస్తనత్తా," అంది కోడలు జమ్లీ.

"రోజూ ఎడ్లకు కుడితి కలిపే చెయ్యే గదనే! దీనికేమైతది?"

ఆ చేతికి కొడవలి కోసిన గాయం ఇంకా మానలేదు. భర్త గేమ్యా చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు. మధ్యాహ్నానికి ఆమె నోట నురగ వచ్చింది. దవాఖానకు చేరకముందే బండిలో ప్రాణం పోయింది.

ఆ మందు నెల కిందట మిర్యాలగూడ రైతు ప్రదర్శనలో కొన్నది. ఇరవై ఏళ్లుగా ఏటా జరిగే ఆ ప్రదర్శనకు తండాలన్నీ కదిలి వస్తాయి. అక్కడ మందు కంపెనీ మనిషి చేతులకు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని మందు కలిపి చూపించాడు.

"ఏం సారూ, చేన్ల పడి మేస్తవని చిక్కం ఏసిన్రా?" అని అరిచాడు గేమ్యా.

జనం గొల్లున నవ్వారు. అందరికన్నా గట్టిగా సాలి నవ్వింది. కంపెనీ మనిషి సిగ్గుపడి గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాడు. అది ఎందుకు కట్టుకున్నాడో మాత్రం చెప్పలేదు.

మరుసటి ఏడు ప్రదర్శనకు గేమ్యా ఏమీ కొనడానికి రాలేదు. తిన్నగా మైకు దగ్గరున్న నిర్వాహకుడు జగదీశ్ ముందు నిలబడ్డాడు.

"పటేలా, మా లంబాడ మాటల రెండు ముక్కలు చెప్త. అయిదు తండాల ఆడోళ్లు వచ్చిన్రు. అందరు మందు చేత్తోనే కలుపుతున్నరు."

"పండుగ లెక్క నడుస్తున్నది, గీడ సావు ముచ్చటెందుకు గేమ్యా? కంపెనీలోళ్లు నారాజైతరు. వచ్చే ఏడు సూద్దాం తీ."

గేమ్యా మందు అమ్మే దుకాణం ముందుకు వెళ్లి ఒక్కొక్కరికీ చెప్పబోయాడు. మైకు హోరులో అతని మాట ఎవరికీ అందలేదు. పిచ్చి పట్టిందనుకుని కొందరు పక్కకు తప్పుకున్నారు.

ఇదంతా చూస్తున్న బడిపంతులు భిక్షపతి జగదీశ్ దగ్గరికి వచ్చాడు.

"గేమ్యా పెండ్లాన్ని సంపింది మందొక్కటే కాదు జగదీశ్. తెలిసినోళ్లు సెప్పకపోవుడు గూడ. కోసెడు దూరంల పదేండ్ల సంది పాఠాలు సెప్తున్న, ఆ తండాకు ఒక్కనాడు పోలే. ఆ తప్పుల నాది గూడ ఉన్నది."

జగదీశ్ మైకు అందుకున్నాడు. ఎడ్ల పోటీలో బహుమతులు గెలిచినవాళ్ల పేర్లు చదివాడు.

తెలిసిన వాడి మౌనం కూడా విషమే. ఆ అయిదు తండాల ఆడవాళ్లకు, వాళ్లకు అర్థమయ్యే మాటలో, మందు చేత్తో కలపకూడదన్న సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.