పిన్ను మీద మొటిమ

మా వదిన చెయ్యి విరిగిన రోజున మా ఆయన మొదట అడిగింది "నొప్పిగా ఉందా అక్కా?" అని కాదు. "ఇప్పటికైనా ఆ మెషిన్ అమ్మేస్తావా?" అని.

మనిషి చెడ్డవాడేం కాదు. బీమా కంపెనీలో ఉద్యోగం. కంటికి కనిపించిన ప్రతి వస్తువూ ఎప్పుడు కాలుతుందో, ఎప్పుడు కూలుతుందో అని లెక్కేసుకోవడం అలవాటైపోయింది. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అలాగే చూశాడు.

వదిన ఆయనకు అక్క. మా వీధి చివర రేకుల షెడ్డులో ఆమెకు చిన్న వర్క్‌షాపు ఉంది. అందులో చెప్పుకోదగ్గ వస్తువు ఒకటే, సీఎన్‌సీ లేత్. ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ, తెర మీద మనం రాసిచ్చిన కొలతల ప్రకారం తనంతట తానే చెక్కేస్తుంది. ఇన్నేళ్ళూ దాని పక్కన నిలబడి గోరైనా చిట్లించుకోని మనిషి, ఇంట్లో అటక మీది సూట్‌కేసు దించబోయి స్టూలు మీంచి పడింది. కుడి చేతికి మోచెయ్యి దాటి పిండికట్టు. మెషిన్ నడిపే ఆపరేటరు అంతకుముందే పెద్ద ఫ్యాక్టరీ చూసుకుని వెళ్ళిపోయాడు.

"అమ్ముతాలేరా," అంది వదిన మంచం మీంచి. "పంపుల కంపెనీకి, పంపులో తిరిగే స్టీలు పిన్ను నమూనా ఒకటి ఇస్తానని మాటిచ్చాను. అది వాళ్ళకు నచ్చిందా, ఏడాది పొడుగునా పని, మెషిన్ ఇక్కడే ఉంటుంది. నచ్చలేదా, నువ్వు తెచ్చిన బేరగాడికి నేనే తాళాలిస్తాను."

"చెయ్యి లేకుండా ఎలా చేస్తావక్కా?"

వదిన నావైపు చూసింది. ఆ సమయంలో నేను ఆమె కోసం ఆపిల్ తొక్క తీస్తున్నాను. ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా తీయడం నా సరదా. వదిన ఆ చుట్టనే చూస్తోంది.

"అవిగో, చేతులు," అంది.

మా ఆయన పెద్దగా నవ్వాడు. "ఇదా? వాషింగ్ మెషిన్‌లో దీనికి తెలిసింది ఒక్క బటనే."

"మీకు ఆ ఒక్కటీ తెలీదుగా," అన్నాను. ఆపిల్ ముక్క ఆయనకివ్వలేదు.

నేను చరిత్రలో డిగ్రీ చేశాను. ఎవరి మీద ఎవరు ఎందుకు దండెత్తారో ఇప్పటికీ చెప్పగలను. ఇనుము మీద దండెత్తడం మాత్రం మా సిలబస్‌లో లేదు. మర్నాడు పొద్దున మా ఆయన ఆఫీసుకు వెళ్ళగానే కొంగు బిగించి షెడ్డుకు వెళ్ళాను. వదిన చూసి, ఆ కొంగు ముందు వదిలించింది. తిరిగే కడ్డీ దగ్గర వేలాడేవేవీ ఉండకూడదట. ఆమె పాత ప్యాంటూ చొక్కా తొడుక్కుని, జుట్టు ముడేసి టోపీ పెట్టుకుని, కళ్ళద్దాలు తగిలించుకున్నాను. అద్దంలో చూసుకుంటే గ్యాస్ లీకు చూడటానికి వచ్చిన మనిషిలా ఉన్నాను.

వదిన కుర్చీ వేసుకుని కూర్చుంది. కంట్రోల్ ప్యానెల్ మీద పుట్టగొడుగులా పొడుచుకొచ్చిన ఎర్ర బటన్ చూపించింది.

"ముందు ఇది నేర్చుకో."

"ఏం చేస్తుంది?"

"నొక్కితే అన్నీ ఆగిపోతాయి."

"ఇలాంటిది ఇంట్లో కూడా ఒకటి బిగించుకోవాలి వదినా."

"ముందు వినవే. ఎక్స్ అంటే లావు, జెడ్ అంటే పొడుగు. ప్రోగ్రాంలో జీ-జీరో అని రాస్తే ఖాళీ చేతులతో పరిగెత్తడం. జీ-వన్ అంటే చేతిలో పని పెట్టుకుని నెమ్మదిగా నడవడం. కోసేటప్పుడు జీ-జీరో రాశావో, లోహాన్ని కోసే టూలు విరుగుతుంది, నేను అరుస్తాను."

"ఏది ముందు?"

"నేనే ముందు."

తరువాత సున్నా పెట్టడం. మెషిన్‌కు కళ్ళుండవు. కడ్డీ ఎక్కడుందో మనమే చెప్పాలి. చేత్తో తిప్పే చక్రంతో టూల్ మొనను కడ్డీ మీదికి తెచ్చి, పొర లేచేంత గీయించి, కడ్డీని మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ అంకెను తెర మీద నింపితే, "ఓహో, నేనున్నది ఇక్కడా" అని దానికి తెలుస్తుంది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. మా ఇంట్లో అవసరమైన కొందరికి కూడా ఎవరైనా ఇలా చెబితే బాగుండును.

మొదటి ప్రోగ్రాం నేనే టైపు చేశాను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. వదిన చెప్పినట్టు ఒక్కో లైను విడివిడిగా నడిచేలా స్విచ్ వేసి, పచ్చ బటన్ నొక్కాను. టూల్ ఠీవిగా కడ్డీ దగ్గరకు వచ్చింది. మళ్ళీ నొక్కబోతుంటే వదిన ఎడమ చేత్తో నా చొక్కా పట్టి లాగింది.

"ఆగాగు! కడ్డీ తిరుగుతోందా?"

తిరగట్లేదు. తిప్పమని చెప్పే ఎం-త్రీ రాయడం మరిచిపోయాను.

"పొయ్యి వెలిగించకుండా గరిటె తిప్పుతున్నావు," అంది వదిన. ఆ తరువాత నేనెప్పుడూ ఎం-త్రీ మరిచిపోలేదు.

పది పన్నెండు రోజుల్లో అల్యూమినియం ముక్కల మీద చెయ్యి తిరిగింది. కొలత వెంట్రుకంత ఎక్కువొస్తే తెర మీద ఏ పేజీలో ఎంత తగ్గించాలో, లోహం వేడెక్కకుండా పోసే కూలెంట్ ఎప్పుడు వదలాలో, వేగం నాబ్ ఎప్పుడు తగ్గించాలో తెలిసింది. పాల రంగు కూలెంట్ కింద లోహం చుట్టలు చుట్టలుగా లేచి పడుతుంటే, నా ఆపిల్ తొక్కలే మెరుస్తూ వస్తున్నట్టుండేది. వదినకు పొగడడం రాదు. ముక్కను బొటనవేలితో తడిమి "ఊఁ" అంటే ఫస్ట్ క్లాసు. నాకు అప్పటికి మూడు "ఊఁ"లు వచ్చాయి.

శనివారం పొద్దున పంపుల కంపెనీ ఇంజనీరు వస్తాడని కబురొచ్చింది. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ మైక్రాన్‌గారు అంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, ఆయన నోట్లోంచి అంతకంటే పెద్ద కొలత ఎప్పుడూ రాదట. అదే రోజు పదకొండింటికి బేరగాణ్ణి రమ్మన్నానని మా ఆయన ప్రకటించాడు. "ముందు జాగ్రత్త," అన్నాడు.

శుక్రవారం వదిన ఎక్స్‌రేకు ఆస్పత్రికి వెళ్ళాలి. అసలు స్టీలు కడ్డీ మీద నమూనా నేనే చేయాలి. అందుకని గురువారం సాయంత్రం, వదిన ఇంటికెళ్ళాక, అంత ముఖ్యమైన రోజుకు ముందు ఏ గృహిణి అయినా చేసే పనే చేశాను. శుభ్రం చేశాను.

నా దృష్టిలో పైపైన తుడవడం తుడవడమే కాదు. విప్పడానికి వీలున్నది విప్పి తుడవాలి. టూల్ బిగించడం, విప్పడం వదిన నేర్పింది కదా. బోల్టులు వదులు చేసి టూల్ బయటికి తీస్తే, దాని కింద నూనె మడ్డి పట్టిన రేకు ముక్క ఒకటి కనిపించింది. ఏ బిస్కెట్ల డబ్బాలోంచో కత్తిరించినట్టుంది. ఎంత కాలంగా ఇరుక్కుందో పాపం అనుకుని తీసేశాను. టూల్‌ను అద్దంలా తుడిచి మళ్ళీ బిగించాను. రేకు పారేద్దామనుకున్నా గానీ, మా వంటింటి టేబుల్ గుర్తొచ్చింది. దానికి ఒక కాలు పొట్టి. కాఫీ కప్పు పెడితే నమస్కారం చేస్తుంది. "ఆదివారం బాగుచేయిస్తా" అని మా ఆయన చెప్పడం మొదలుపెట్టాక చాలా ఆదివారాలు వెళ్ళిపోయాయి. రేకును ఇంటికి తెచ్చి కాలి కిందికి తోశాను. కొలిచి చేసినట్టు సరిపోయింది. ఆ రాత్రి నా మీద నాకే గౌరవం కలిగింది.

శుక్రవారం స్టీలు కడ్డీ బిగించాను. సున్నా పెట్టాను. పచ్చ బటన్ నొక్కాను. అంతా సవ్యంగా నడిచింది. తలుపు తీసి చూస్తే, పిన్ను ముఖం మీద, అంటే దాని గుండ్రటి చివర మీద, సరిగ్గా నడిమధ్యలో, గసగసాల గింజంత బొడిపె. అచ్చం మొటిమ.

ఆ ముఖం పంపులో ఒక పళ్ళేనికి ఆనుకుని తిరగాలి. మొటిమ ఉంటే ఆనదు. మైక్రాన్‌గారికి భూతద్దం కూడా అక్కర్లేదు.

టూల్ మధ్యదాకా రాకుండానే ఆగుతోందేమో అనుకున్నాను. ప్రోగ్రాంలో ఇంకొంచెం ముందుకు వెళ్ళమని రాశాను. మొటిమ. మధ్య గీత దాటి అవతలికి పొమ్మన్నాను. పోయింది, మొటిమ మాత్రం ఉండిపోయింది. సున్నా మళ్ళీ పెట్టాను, వేగం తగ్గించాను, కూలెంట్ పెంచాను. మొటిమలు వరసగా పుడుతున్నాయి, యుక్తవయసు వచ్చినట్టు. ఒకదాన్ని ఆకురాయితో రుద్దాను. మొటిమ పోయి మచ్చ మిగిలింది. అన్నిటినీ తుక్కు డబ్బాలో వేశాను.

మధ్యాహ్నం వదినకు ఫోన్ చేశాను.

"ఏంటే?" అంది. వెనకాల ఎవరివో నంబర్లు పిలుస్తున్నారు.

"ఏం లేదు వదినా. భోంచేశారా?"

"ఆస్పత్రిలో భోజనమేంటి? పిన్ను అయిందా?"

"అవుతోంది."

పెట్టేశాను. చెబితే కంగారు పడుతుందని కాదు. నవ్వుతుందని.

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికెళ్ళి కాఫీ కలిపాను. మా ఆయన ఆ రోజు తొందరగా వచ్చేశాడు. టేబుల్ మీద కాగితాలు పరుచుకుని, కప్పు పక్కన పెట్టుకుని, బేరగాడితో ఫోన్‌లో మాట్లాడాడు. "ఆ, రేపు పదకొండింటికి. మెషిన్ చాలా శుభ్రంగా ఉంటుందండీ. మావాళ్ళు బాగా తుడుస్తారు."

ఫోన్ పెట్టి టేబుల్ మీద చెయ్యి ఆనించాడు. మళ్ళీ ఆనించాడు. కిందికి వంగి చూశాడు.

"ఏమోయ్, ఇవాళ ఇది ఊగట్లేదేంటి?"

"కాలి కింద రేకు పెట్టాను."

"అంతేనా? ఇంత చిన్న ముక్కా? ఇన్నాళ్ళూ ఆ కాస్త ఎత్తు తక్కువై ఏడిపించిందన్నమాట!"

నా చేతిలో కప్పు ఆగిపోయింది. ఆ కాస్త ఎత్తు తక్కువై. రేకు లేకపోతే టేబుల్ కాలు కిందికి దిగుతుంది. రేకు లేకపోతే టూల్ కూడా కిందికి దిగుతుంది. దిగిన టూల్ కడ్డీ నడిమధ్యకు ఎలా తగులుతుంది? అటు నుంచి వెళ్ళినా ఇటు నుంచి వెళ్ళినా మధ్య బిందువు కిందనించే పోతుంది. నేను పొద్దుటి నుంచీ ముందుకీ వెనక్కీ నడిపిస్తున్నాను. తప్పు పైకీ కిందికీ ఉంది. అది ఏ ప్రోగ్రాంకీ అందదు.

టేబుల్ కిందికి దూరి రేకు లాగేశాను. టేబుల్ పాత అలవాటు ప్రకారం వంగి నమస్కారం చేసింది. ఆయన కప్పు పడింది. కాఫీ కాగితాల మీదుగా, కాలి వెంబడి, నా చేతి మీదికి వచ్చింది.

"నా కాగితాలు! నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"క్లెయిమ్ పెట్టుకోండి," అని చెప్పులేసుకుని పరిగెత్తాను. జీ-జీరోలో.

టూల్ విప్పి, రేకు యథాస్థానంలో పెట్టి బిగించాను. ప్రోగ్రాంలో నేను గెలికినవన్నీ సరిచేశాను. సున్నా మళ్ళీ పెట్టాను. కొత్త కడ్డీ. ఎం-త్రీ ఉందో లేదో ఇంకోసారి చూసి పచ్చ బటన్ నొక్కాను. టూల్ అంచు నుంచి మధ్యకు నడిచింది, చివర్న సన్నటి చుట్ట ఒకటి తెగి పడింది. తలుపు తీశాను. పిన్ను ముఖంలో నా ముఖం కనిపించింది. మొటిమ రెండిటికీ లేదు.

వెనకాల వదిన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. పిన్నును ఎడమ చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమింది. ఒకసారి మెషిన్ లోపలికి వంగి చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఊఁ," అంది.

శనివారం మైక్రాన్‌గారు వచ్చారు. పిన్నును కొలిచారు, తిప్పి కొలిచారు, వెలుతురుకు పెట్టి చూశారు. నేను ఎర్ర బటన్ పక్కన నిలబడి ఉన్నాను.

"నాలుగు మైక్రాన్లు తేడా," అన్నారు.

నా చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్ళింది.

"పదిదాకా ఒప్పుకుంటాం," అని పూర్తిచేశారు. అంత తాపీగా మాట్లాడే మనిషికి జీ-వన్ అని పేరు పెట్టాల్సింది. "ఎవరు చేశారు?"

"మా మరదలు," అంది వదిన.

"ఏం చదివారు?"

"చరిత్రండీ," అన్నాను. ఆయన పిన్ను వైపోసారి, నా వైపోసారి చూసి, "సోమవారం నుంచి మొదలుపెట్టండి," అన్నారు.

పదకొండింటికి బేరగాడు వచ్చేసరికి మెషిన్ తలుపు మూసి, సోమవారానికి ముందు ఇంకో పిన్ను చేసి చూసుకుంటున్నాను. లోపల కూలెంట్ జోరుగా కొడుతోంది. మా ఆయన గుమ్మం దగ్గరే ఎదురెళ్ళి, "సారీ అండీ, మెషిన్ ఖాళీ లేదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గొప్ప వినిపించింది. నేను విననట్టు ఊరుకున్నాను. తరువాత వాడుకోవచ్చు.

ఆదివారం వదిన మా ఇంటికి భోజనానికి వచ్చింది. టేబుల్ దగ్గర కూర్చుని మోచెయ్యి ఆనించగానే అది ఒంగింది. వదిన చెయ్యి వేలాడేసుకున్న గుడ్డలోంచి కొత్త రేకు ముక్క తీసింది. నాలుగంచులూ నున్నగా ఆకురాయి పట్టించి ఉన్నాయి. ఎడమ చేత్తో అంత చక్కగా ఎలా చేసిందో.

"ఇది దీనికి," అంది నాకిస్తూ. "అది దానికి."

"మీకెలా తెలిసింది?"

"తుక్కు డబ్బాలో మొటిమలు చూశాను. టూల్ దగ్గర కాఫీ వాసన చూశాను. ఆ రేకు సంగతి ముందే చెప్పాల్సింది నేను. నువ్వు అంత లోతుకు తుడుస్తావని ఎవరికి తెలుసు?"

మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "ఏ రేకు? ఏ మొటిమ?" అంటున్నాడు. నేను వంగి రేకును కాలి కిందికి తోశాను. ఆయన టేబుల్‌ను గట్టిగా కదిపి చూశాడు. కదల్లేదు. అయినా పాత అలవాటు కొద్దీ మంచినీళ్ళ గ్లాసు చేత్తోనే పట్టుకుని కూర్చున్నాడు.

"రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్," అంది వదిన నాతో. "మధ్యాహ్నం భోజనం డబ్బా తెచ్చుకో. మరీ శుభ్రం చేయాలనిపిస్తే మూల చీపురుంది, నేల ఊడ్చు. స్పానర్ ముట్టుకునే ముందు నాకు చెప్పు."

"ఊఁ," అన్నాను.