పొడుగు కాలు

శాంతకుమారి ఎడమచేత్తో సర్క్యూట్ బోర్డును పట్టుకుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కెపాసిటర్‌ను ఒకసారి దొర్లించింది. దాని రెండు కాళ్ళలో పొడుగుది ప్లస్. అది ట్రాన్స్‌ఫార్మర్ వైపు రంధ్రంలోకి పోవాలి. వేలికొనకు పొడుగు కాలు తగలగానే కెపాసిటర్ దాని చోట కూర్చుంది. ఆమె దానికేసి చూడలేదు. బోర్డుకు నాలుగు గుచ్చి ట్రేలో పెట్టి, ఇంకో బోర్డు అందుకుంది.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, బోరు మోటార్ల స్టార్టర్లకు బోర్డులు చేసే ఆ రేకుల షెడ్డులో ఆమెకిది పదకొండో ఏడు. అంతకు ముందు టమాటా మండీలో కాయలు ఏరేది. ఏ కాయ రెండు రోజులు ఆగుతుందో, ఏది రేపటికే చితుకుతుందో చేతిలోకి తీసుకోగానే చెప్పేది. భర్త పోయాక, కూతురు ఇందు పెళ్ళై కుప్పం వెళ్ళిపోయాక, ఆమెను పేరు పెట్టి పిలిచే మనుషులు ఎక్కువమంది ఈ షెడ్డులోనే మిగిలారు.

"అక్కా, నీ చేతి వేళ్ళకి కండ్లుండాయా యేంది?" అంది పక్క స్టూలు మీది ప్రమీల. కురబలకోట నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. శనివారానికి మూడు నెలలు నిండితే పర్మినెంటు చేస్తామన్నారు.

"కండ్లు యాడుంటే యేం మే, పని అవుతాండాది గదా."

ప్రమీల నవ్వింది. శాంతకుమారి కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

రెండేళ్ళుగా ఆమె ఎడమకంటికి మంచు కమ్మినట్టుంది. కుడికంటికి దగ్గరివన్నీ అలుక్కుపోతున్నాయి. ఏడాదికోసారి షెడ్డులో కంటి పరీక్ష పెడతారు. చూపు ఆననివాళ్ళను బోర్డుల బల్ల నుంచి లేపేస్తారు. పోయినసారి ఆమె వరుసలో చివర నిలబడి, ముందువాళ్ళు చదివిన అక్షరాలను విని కంఠతా పట్టి అప్పజెప్పింది.

పదకొండు గంటలకు కొత్త డబ్బా విప్పారు. శాంతకుమారి ఒక కెపాసిటర్ తీసి దొర్లించి, ఆగింది. మరొకటి తీసింది. కాళ్ళు రెండూ సమంగా ఉన్నాయి. కంపెనీ నుంచే కురచగా కత్తిరించి పంపారు. ఇక మైనస్ వైపు ఒంటి మీద ఉండే బూడిదరంగు చారే గుర్తు. ట్యూబులైటుకేసి ఎత్తి పట్టుకుంది. నల్లటి ఒంటి మీద చార ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. గోటితో గీకి చూసింది. గోటికి ఏమీ తగల్లేదు.

పక్కన ప్రమీల అదే డబ్బాలోంచి తీసి చకచకా గుచ్చుతోంది. చార ఎటుందో చూడు మే అని అడిగితే సరిపోయేది. నోటిదాకా వచ్చిన మాటను శాంతకుమారి మింగేసింది. చార ఇటు ఉన్నట్టనిపిస్తే ఇటు, అటు అనిపిస్తే అటు గుచ్చుతూ పోయింది. భోజనాల వేళకు ఇద్దరి బోర్డులూ ఒకే ట్రేలో కలిసి సోల్డరింగుకు వెళ్ళాయి.

మూడింటికి టెస్టింగు బల్ల దగ్గర ఒక కెపాసిటర్ టప్పున పేలింది. కాసేపటికి ఇంకొకటి. చేపలు మాడిన కంపు షెడ్డంతా పట్టింది. సూపర్వైజరు నాగేంద్ర ట్రే పట్టుకుని వచ్చాడు.

"ముప్పై ఒక్క బోర్డుల్లో తిరగేసి గుచ్చినారు. ఈ ట్రేకి ఎవురు కూసున్న్యారు?"

"మేమిద్దరమేన్నా," అంది ప్రమీల.

నాగేంద్ర శాంతకుమారి వైపు చూడనైనా లేదు. "శాంతక్క చెయ్యి పదకొండేండ్లలో ఒక్కదినం తప్పలేదు. నీ ధ్యాస ఫోన్ మీద పెట్టుకుంటే ఇట్నే అవుతాది. ఇది పోయి ఎవురి మోటారో కాలిపోతే, ఆ రైతుకి నువ్వు బదులు చెప్తావా?"

ప్రమీల చేతిలోని బోర్డును కింద పెట్టింది. ఒక్కసారి తల తిప్పి శాంతకుమారి ముఖంలోకి చూసి, మళ్ళీ బోర్డు అందుకుంది.

టీకి లేచినప్పుడు చెబుదామనుకుంది శాంతకుమారి. టీ దగ్గర నలుగురూ ఉన్నారు. నాగేంద్ర ఒంటరిగా దొరికితే చెబుదామనుకుంది. అతడు ఒంటరిగానే తలుపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు, ఆమె అతని పక్కనుంచే వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వచ్చింది.

అయిదున్నరకు నాగేంద్ర ప్రమీలను ఆఫీసు గదిలోకి పిలిచాడు. రెండు నిమిషాల్లో ఆ పిల్ల బయటికి వచ్చింది. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడట.

షెడ్డులో తొడుక్కునే చెప్పులు వేరు. వాటిని విడిచే గుమ్మం దగ్గర శాంతకుమారి ఆమెను అందుకుంది.

"మే, ప్రమీలా..."

"కండ్లు సూపించుకో అక్కా," అంది ప్రమీల, బయటి చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "పొద్దున నువ్వు గోటితో గీకతాంటే సూసినా."

"సూసినావా. మరి ఆయప్పకి యాల చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తావనుకుంటి."

ఆ గొంతులో కోపం లేదు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. ప్రమీల చున్నీ సర్దుకుని గేటు వైపు పరుగెత్తింది.

శాంతకుమారి వెనక్కి తిరిగి ఆఫీసు గది దాకా నడిచింది. నాగేంద్ర కాగితాల మీంచి తలెత్తాడు.

"యేం శాంతక్కా?"

తలుపు చెక్క మీద ఆమె వేళ్ళు కాసేపు కదిలాయి.

"ఏమీ లేదప్పా. పోయొస్తా."

గుమ్మం దగ్గర అందరి చెప్పులూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. గోడ పక్కన ప్రమీల విడిచిన నీలం చెప్పులు మాత్రం జతగా ఉన్నాయి, కుడిదాని పట్టీ మీద, తనవని గుర్తుకు ఆ పిల్ల పెట్టుకున్న, వంగితే గానీ కనబడని ఎర్ర గోళ్ళరంగు చుక్క.