షావలి తొట్టి

కూతురు తబస్సుమ్ డెంగీ జ్వరంతో అనంతపురం ఆసుపత్రిలో పడి లేచి ఇంటికొచ్చిన నాటినుంచి నూర్జాన్‌కు దోమలంటే పగ పట్టుకుంది. పాత టైర్లు అమ్మేసింది. కొబ్బరి చిప్పలు ఏరి పారేసింది. బిందెలన్నింటికీ గుడ్డలు కట్టింది. పొద్దుగూకితే వేపాకు పొగ. ఆ పొగకు దోమలు పోయాయో లేదో గానీ, ఇరుగుపొరుగు మాత్రం తలుపులు మూసుకున్నారు.

వాకిట్లోని రాతి తొట్టి జోలికి మాత్రం పోలేదు. అది ఆమె నాయన షావలి పెట్టినది. గాజులమ్ముకునే మనిషి. తెల్లవారకముందే దూరపు బావి నుంచి సైకిలు మీద నీళ్లు తెచ్చి, దారిన పోయే మేకల కోసం తొట్టి నింపి, ఆ తర్వాతే గాజుల పెట్టె కట్టుకుని ఊళ్ల మీదికి పోయేవాడు. కరువేళ ఇంట్లో కడవ అడుగంటినా తొట్టికి నీళ్లు తప్పేవి కావు. అమ్మ సణిగేది. ఆయన వింటేగా! కన్నుమూసే ముందు కూడా కూతురికి అదే మాట చెప్పాడు, తొట్టి ఎండనీయొద్దని. నాటినుంచి నీళ్లు తగ్గినప్పుడల్లా ఆమె పైన పోస్తూనే ఉంది.

ఆశా కార్యకర్త కృపాకుమారి వచ్చి ఆ నీళ్లు చెంబుతో ముంచి చూపింది. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఇవే రేపటి దోమలనీ, వారానికోసారైనా తొట్టి ఖాళీ చేసి ఎండబెట్టాలనీ చెప్పి పోయింది. బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది నాయన నీళ్లేనా? ఎండబెడదామంటే నాయన మాట. ఉంచుదామంటే లోపల మంచంమీద నీరసించిన పిల్ల. తొట్టి పక్కన కూలబడి ఏడ్చింది.

అప్పుడే మారెప్ప మేకలు తోలుకుని వచ్చాడు. షావలి కాలం నుంచీ ఆ దారినే మేపుతున్నాడు. ఒకప్పటి పెద్ద మంద ఇప్పుడు నాలుగు మేకలకు దిగింది. ఏడుపెందుకో అడిగి, సంగతంతా విన్నాడు.

"మీ నాయన మాపుటేల వచ్చి ముందు తొట్టే సూస్తాండె కదమ్మా. సుక్క లేకుండా ఉంటే ఆ పొద్దు ఆయప్పకు పండగే. మిగిలినాయంటే, మేకలు యాడికి పోయినాయి మారెప్పా అని నన్ను అడుగుతాండె."

నూర్జాన్‌కు గుర్తొచ్చింది. ఖాళీ తొట్టి అడుగున చెయ్యి పెట్టి నాయన నవ్వడం. రోజూ నిండేది, రోజూ ఖాళీ అయ్యేది. ఊరినిండా మేకలుంటే నీళ్లకు నిలిచే తీరికెక్కడిది? నాయన మాటలో సగమే ఇన్నాళ్లూ పట్టుకుని కూర్చుంది.

లేచి, తొట్టి అడుగున బెజ్జానికి కుక్కిన గుడ్డ లాగేసింది. మురిగిన నీళ్లు ఎండిన నేల మీదికి పారి ఇంకిపోయాయి. గోడలు గరగరా రుద్ది, గుడ్డ మళ్లీ కుక్కి, బిందెతో కొత్త నీళ్లు పోసింది.

"ఇవి తాగేదాకా ఈడే ఉంటా మారెప్పన్నా," అంది.

నాలుగు మేకలూ కడుపునిండా తాగి తలలెత్తాయి. తొట్టిలో సగం నీళ్లు అలాగే మిగిలాయి. నాయన అడిగే మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. వంగి గుడ్డ లాగేసింది.